మిగిలిన నంబరు

మూట విప్పితే చెమట వాసన రాదు,
కలరా ఉండల వాసన.
పద్నాలుగు బనియన్లు, తొమ్మిది ఊర్లవి.
అన్నిటి వీపునా పదమూడే.
నచ్చి కాదబ్బా,
నేను బస్సు దిగేసరికి
ఎవురూ తీసుకోక మిగిలేది అదే.

చిత్తూరు బెల్లం మండీలో మా నాయన కాటా పట్టేవాడు.
నన్ను కాటా ఎక్కించకుండానే చెప్పేసినాడు:
"వీడు తూగడు, పొడుగొక్కటే."
ఆ పొడుగు చూసే జయపాల్ సారు
బడి వెనక మట్టి కోర్టులోకి లాక్కుపోయినాడు.
రింగుకి వల లేదు.
బాలు లోపల్నించి పోయిందా, పక్కనించి పోయిందా
చీకటి పడేదాకా కొట్లాడుకునేవాళ్లం.

ఇరవై ఏండ్లకి వేలూరు బస్సెక్కినా.
అప్పట్నుంచీ గెస్టు ప్లేయరు బతుకు:
మ్యాచికింత, గెలిస్తే ఇంకింత,
పరోటా వాళ్లది, బూట్లు నావి.
సేలంలో నూలు మిల్లుకి,
గుంతకల్లులో గార్డుల జట్టుకి,
నెల్లూరులో ఒక రొయ్యల కాంట్రాక్టరుకి.
ఆయనకి ఆట తెలీదు,
"మన పొడుగోడు యాడ?" అని మాత్రం అడిగేవాడు.

రిజిస్టర్లో నేను ఏకాంబరాన్ని కాదు.
సేలంలో సెల్వరాజు, కామెర్లతో పడుకున్నోడు.
గుంతకల్లులో మస్తాన్, సెలవు దొరకనోడు.
హాసన్‌లో ఒకసారి, ఆ పూట నేనెవర్నో మర్చిపోయి
రెఫరీ పిలిస్తే పలకలేదు.
టెక్నికల్ ఫౌలు ఇచ్చినాడు.
ఎవురి ఖాతాలో రాసుకున్నారో ఇప్పటికీ తెలీదు.

గొప్పోణ్ణి కాదు నేను.
రింగుని తన్నిన బాలు ఏ పక్క పడతాదో
రెప్పపాటు ముందు తెలిసేది, అంతే.
ఇంకోటి, మా స్టారు పోయే దావలో
ఎదుటోడికి అడ్డంగా గోడ మాదిరి నిలబడేది.
చప్పట్లు వాడికి,
రాత్రికి అమృతాంజనం నాకు.

తిరపతిలో ఫ్లడ్‌లైట్ల టోర్నమెంటు.
రాత్రి రైలుకి టైముందని లోపలికొచ్చిన జనం,
గ్యాలరీలో సగం గుండ్లు, గంధం ఆరని గుండ్లు.
నేను మిల్లు తరఫున సెల్వరాజుని.
అవతల చిత్తూరు జిల్లా.
వాళ్ల బెంచీ మీద జయపాల్ సారు.

ఒక పాయింటు వెనక ఉన్నాం. రెండు ఫ్రీ త్రోలు.
రెండూ పడినాయి.
ఆ పూట వల కూడా ఉన్నింది, సర్రుమనింది.
మైకులో సెల్వరాజు, సెల్వరాజు అని అరుస్తా ఉంటే
సారు మా పక్కకి నడిచొచ్చినాడు.
ఒక్క మాట చెప్పుంటే
మా గెలుపు పోయి వాళ్ల గెలుపయ్యేది.
నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నొక్కి
"ఇంకా బయటికే పోతాంది సెల్వరాజూ" అన్నాడు.
నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయినాడు.

మోకాలు పోయినాక
పీఈటీ ఉద్యోగానికి కాగితాలు పట్టుకుపోయినా.
గుమస్తా ఒక్కొక్కటే తిప్పి
"ఈ సెల్వరాజు ఎవరు?"
నేనే సార్.
"మస్తాన్?"
నేనే.
"మరి ఏకాంబరం ఏం ఆడినాడు?"
ఆ యప్ప ఎప్పుడూ బెంచీ మీదే సార్, అన్నా.
నవ్వినాడు. ఫైలు కట్టి పక్కన పెట్టినాడు.

ఇప్పుడు పొద్దున నాయన కాటా నాది, కరెంటు కాటా.
సాయంత్రం సున్నం చల్లి కోర్టు గీస్తా.
నిన్న మురకంబట్టు నుంచి ఒక పిల్లొచ్చింది,
అందరికంటే ఆలస్యంగా, ఒంటికాలి పట్టీతో.
మిగిలిన బనియను ఇచ్చినా.
మోకాళ్లు దాటింది.
"పెద్దదైపోయింది సార్."
దోపుకో మే, ఆడతా ఆడతా సర్దుకుంటాది.

రిజిస్టరు తెరిచి పేరు చెప్పమన్నా.
మెల్లిగా చెప్పింది.
గెట్టిగా చెప్పమన్నా.
ఇంటిపేరుతో చెప్పమన్నా.
నాలుగోసారి అడిగితే విసుక్కుని
నా చేతిలో పెన్ను లాక్కుని
తానే రాసుకుంది.